ఓబులమ్మ కొండకు జాజికాయ మొక్క

శివయోగయ్య గారికి ఒక అలవాటు ఉండేది. శిష్యులు శాస్త్రంలో సందేహం అడిగితే అక్కడికక్కడే తీర్చేవారు. లోకవ్యవహారం అడిగితే మాత్రం "చూద్దాంలే" అని ఊరుకునేవారు. ఆ చూడటం ఎప్పుడో, ఎక్కడో ఎవరికీ తెలిసేది కాదు.

కేదారుడు ఆయన దగ్గర తొమ్మిదేళ్లు చదివాడు. చదువు ముగిసి, ఇంకో నాలుగు రోజుల్లో ఊరికి ప్రయాణమనగా గురువుగారి ముందు కూర్చుని అడిగాడు: "చెట్లే లోకంగా బతికే మనిషికి ఏ కానుక ఇస్తే తగినట్టుంటుంది గురువుగారూ?"

ఎవరి గురించి అడుగుతున్నాడో ఆయనకు తెలుసు. ఆశ్రమానికి ఎదురుగా ఉన్న రాళ్లకొండ మీద ఓబులమ్మ ఒక్కతే ఉండేది. మొగుడు పోయాక, పిల్లాజెల్లా లేక, గడ్డి కూడా సరిగా మొలవని ఆ కొండ మీద గుడిసె వేసుకుని ముప్పై ఏళ్లుగా మొక్కలు పెంచుతోంది. వేప, ఉసిరి, కానుగ, నేరేడు, ఏది బతికితే అది. రెండేళ్ల కిందట కేదారుడు ఆ దారిన వస్తూ జ్వరంతో పడిపోతే ఆమే గుడిసెలోకి చేర్చి, తొమ్మిది రోజులు గంజి తాగించి నిలబెట్టింది.

"చూద్దాంలే" అన్నారు గురువుగారు.

నిజానికి కేదారుడి కానుక అప్పటికే సిద్ధంగా ఉంది. పడమటి కనుమల నుంచి వచ్చే వర్తకుడొకడికి మూడు నెలలు కూర్చుని ఒక వైద్యగ్రంథం నకలు రాసిచ్చి, బదులుగా జాజికాయ మొక్క తెప్పించుకున్నాడు. ఆ చుట్టుపక్కల అలాంటి మొక్కను చూసినవాళ్లే లేరు. గురువుగారి నోట ఔననిపించుకోవాలని మాత్రమే ఆ ప్రశ్న. మర్నాడు పొద్దున్నే తడిగుడ్డ చుట్టిన మొక్కను ఎత్తుకుని బయల్దేరబోతుంటే, "నేనూ వస్తాను పద" అని ఆయన చేతికర్ర అందుకున్నారు.

ఎండలు ముదిరిన రోజులవి. వీళ్లు పైకి చేరేసరికి ఓబులమ్మ గుడిసె ముందు కూర్చుని మోకాలికి ఆముదం రాసుకుంటోంది. మొక్కను రెండు చేతులా అందుకుంది. ఆకు నలిపి వాసన చూసి మురిసిపోయింది. "ఎంత దూరం నుంచి వచ్చిందో తల్లి!" అంటూ అప్పటికప్పుడు గుంత తీసి నాటింది. కేదారుడి మనసు నిండిపోయింది.

తరువాత ఆమె కడవ చంకన పెట్టుకుని కొండ దిగింది. నీళ్లకు కింద ఉన్న దిగుడుబావి ఒక్కటే దిక్కు. ఆగి ఆగి ఎక్కి వచ్చేసరికి పొద్దు నడినెత్తికి చేరింది. పసిమొక్కలన్నింటికీ తలా ఒక చెంబు పోస్తూ వరస చివరికి వచ్చింది. అక్కడ జానెడు నేరేడు మొక్క ఒకటి ఆకులు వేలాడేసుకుని ఉంది. కడవలో మిగిలింది ఒక్క చెంబు. ఓబులమ్మ క్షణం సేపు దాని ముందు నిలబడి, వెనక్కి తిరిగి వచ్చి, ఆ చెంబును జాజికాయ మొక్క మొదట్లో పోసింది.

కేదారుడు నేరేడు మొక్కను చూపించాడు. "అమ్మా, మరి దానికో?"

"దానికి రేపు పోస్తాలే నాయనా. అది ఇంటి బిడ్డ, అలిగినా ఓర్చుకుంటుంది. ఇది చుట్టం కదా."

అతను గురువుగారి వైపు చూశాడు. ఆయన తుండుగుడ్డతో మెడ తుడుచుకుంటూ ఎటో చూస్తున్నారు. కేదారుడు కడవ భుజానికెత్తుకుని కొండ దిగాడు. సాయంత్రానికి మూడుసార్లు దిగి ఎక్కాడు. నాలుగు రోజుల్లో కావలసిన ప్రయాణం వానలు పడేదాకా వాయిదా పడింది. రోజూ తెల్లవారుతూనే కొండకు వెళ్లేవాడు. నీళ్లు మోయడమే కాక, ఓబులమ్మతో కలిసి సంకటి తినేవాడు. ఏ చెట్టు ఏ ఏడాది ఎలా బతికిందో ఆమె చెబుతుంటే వింటూ కూర్చునేవాడు. కొన్ని సంగతులు ఆమె రెండేసిసార్లు చెప్పేది. రెండోసారి కూడా వినేవాడు.

జాజికాయ మొక్క ఇరవై రోజులకు మించి నిలవలేదు. ఆ రాతినేల, ఆ వడగాలి దానికి పడలేదు. ఎండిన పుల్లను పీకేటప్పుడు ఓబులమ్మ కళ్లు తుడుచుకుంది. "పడదని నాటేనాడే తెలుసు నాయనా. ప్రేమగా తెచ్చినవాడివి, ఎట్లా చెప్పేది?" అంది. నేరేడు మాత్రం రెండు కొత్త చిగుళ్లు వేసింది.

తొలకరి పడింది. ప్రయాణం రోజున కేదారుడు గురువుగారి పాదాలకు మొక్కి, లేచి, తల వంచుకునే నిలబడ్డాడు.

"ఇచ్చిన మొక్క చచ్చిపోయింది. ఆవిడకు ఏమీ ఇవ్వకుండానే వెళ్తున్నాను. నేనడిగినదానికి మీరు జవాబు కూడా చెప్పలేదు."

శివయోగయ్య గారు అతని మూట తీసి భుజానికి అందించారు.

"నిన్న నువ్వు ఆవిడ దగ్గర సెలవు తీసుకుని వచ్చాక కొండ మీదికి వెళ్లి వచ్చాను నాయనా. ముప్పై ఏళ్లలో ఎన్నడూ లేనిది, ఒంటరిగా ఉన్నట్టుందని అంది ఓబులమ్మ."