మడత లేని శాలువా

వెనకటికి ఒక రాజుగారు తన గణిత పండితుడు భద్రంభట్టుకు నిండు కొలువులో పట్టుశాలువా బహూకరించాడు. భట్టు పొంగిపోయి, ఆ శాలువానే మడుస్తూ లెక్క చెప్పాడు.

"ఒక మడతకు రెండు పొరలు, రెండు మడతలకు నాలుగు, మూడింటికి ఎనిమిది. మడత మడతకూ రెట్టింపు! అసలు మడతే లేకపోతే పొరలు సున్నా!"

సభంతా తలూపింది. ఉతికిన బట్టలు తెచ్చిన పైడమ్మ మాత్రం కిసుక్కున నవ్వింది.

భట్టుకు ఒళ్లు మండింది. "తప్పేమిటో చూపించు. లేదంటే రేపటినుంచి కోట గుమ్మం తొక్కకు!"

కోట బట్టలే పైడమ్మకు కూడు. అయినా ఆమె బెదరలేదు. "పంతులుగారూ, మడతలన్నీ విప్పి ఆ శాలువా కప్పుకోండి."

భట్టు వట్టి ఒంటిమీద కప్పుకున్నాడు.

"ఇప్పుడు మడతలెన్ని?"

"ఒక్కటీ లేదు."

"అయితే పొరలూ సున్నాయేగా? మారాజా, పంతులుగారు కొలువులో శాలువా లేకుండా నిలబడ్డారు, చూడండి!"

"ఉంది! ఒక పొర ఉంది!" భట్టు శాలువాను గుండెలకు అదుముకున్నాడు.

"ఎంత తేలిగ్గా తేల్చేశావమ్మా!" అంటూ రాజు లేచి, అదే శాలువా తీసి పైడమ్మకు కప్పాడు.

భట్టు చెప్పిన సున్నా అప్పుడు నిజమైంది.