అడవినాభి ఉన్న చోటు

మూడేళ్లు సేవ చేసినా గురువు తనకు ఒక్క ముక్క ఉపదేశించలేదని కంబగిరికి లోలోపల కడుపుమంట.

అతని గురువు ఖాదర్ సామి ఫకీరు. నల్లమల అంచున ఒక చిన్న దర్గాలో ఉండేవాడు. "చూడు" అనేవాడే తప్ప "విను" అనడం ఎవరూ ఎరగరు. ఆ ఏడు శ్రావణంలో మొదటిసారి శిష్యుణ్ణి వెంటబెట్టుకుని అడవిలో ఒక లోయకు తీసుకెళ్లాడు.

వెదురుపొదల మధ్య ఎక్కడ చూసినా అడవినాభి పూసి ఉంది. ఆకుల కొనలతోనే వెదుళ్లను పట్టుకుని పైకి పాకే తీగ అది. పూలు పొయ్యిలో మంటలా ఎర్రగా, పచ్చగా ఉన్నాయి. ఎండాకాలమంతా మట్టిలో దుంపగా పడి ఉండి, వాన పడగానే లేస్తుంది. సామి వాటి ముందు పొద్దుగూకేదాకా కూర్చున్నాడు. కంబగిరికి కాళ్లు తిమ్మిరెక్కాయి, అంతే.

ఆ శుక్రవారం దర్గాకొచ్చిన వాళ్లలో ఒకడు నవ్వాడు.

"మూడేండ్లాయె గదప్పా, మీ సామి నీకేం జెప్పినాడు?"

కంబగిరికి రోషం ముక్కుమీదే ఉంటుంది.

"మీకెవరికీ తెల్వని చోటు నాకు తెలుసు" అని మొదలుపెట్టి వాగు, బండ, మలుపు అన్నీ పూసగుచ్చినట్టు చెప్పేశాడు. ఆ దుంపల్ని మందులవాళ్లు కొంటారని అతనికి తెలియదు. తెలిసినవాళ్లు అక్కడే కూర్చుని విన్నారు.

పదిరోజుల తర్వాత గురుశిష్యులు మళ్లీ వెళ్లారు. లోయంతా గుంతలే. పీకి పారేసిన తీగలకు పూలు ఇంకా వాడుతూ ఉన్నాయి.

"తప్పు నాదే సామీ. నేనే చెప్పినా."

"నేను చూపిచ్చినా. నువ్వు చెప్పినావు" అన్నాడు సామి.

నాలుగు తిట్టినా బాగుండేదనుకున్నాడు కంబగిరి.

ముసలాయన మధ్యాహ్నందాకా గుంతలన్నీ వేళ్లతో తడిమాడు. చివరికి ఒకచోట నాగలి ఆకారంలో ఒకే ఒక్క దుంప దొరికింది. దాన్ని గుడ్డలో చుట్టి శిష్యుడి చేతిలో పెట్టాడు.

"పోయి నాటి రా."

కంబగిరి మర్నాడు సాయంత్రానికి గానీ తిరిగి రాలేదు. ఒళ్లంతా ముళ్లు గీరుకుపోయి ఉంది.

"నాటినా సామీ. ఎవ్వరూ పోలేని చోటు. యాడంటే..."

ఖాదర్ సామి గబుక్కున రెండు చెవులూ మూసుకున్నాడు. ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి.

"నాకు గూడా చెప్పొద్దు నాయనా. నేనూ మనిషినే."