కొసమడి ఓబులమ్మ, రాగిగిన్నె

అనగనగా ఒక ఏటి ఒడ్డున ఒక ఊరు. పేరుకే ఏరు తల్లీ, వానలు పోయాక అంతా ఇసకే. కానీ ఆ ఇసక కింద ఊట ఉండేది. ఊళ్ళోవాళ్ళు ఏటేటా ఇసకలో పొడుగ్గా కాలువ తవ్వేవాళ్ళు. ఊట అందులోకి ఊరి, మెల్లగా పారి, మడులకి వచ్చేది. దాన్ని ఊటకాలువ అనేవాళ్ళు.

ఆ కాలువ తవ్వడానికి ఇంటికొకరు రావాలి. ఇంటికి పది బారలు. ఓబులమ్మకి మొగుడు లేడు, పిల్లలు లేరు. తన పది బారలూ తనే తవ్వింది. ఊరికి పెద్దమడులున్న కొండప్ప ఇంటి నుంచి ఎవరూ రాలేదు. ఆ పది బారలు కూడా కూలికి తవ్వింది ఎవరనుకున్నావ్? ఓబులమ్మే. అది గుర్తు పెట్టుకో.

ఇక నీళ్ళ వంతు. దానికి ఒక రాగిగిన్నె ఉండేది, రాత్రుళ్ళు కొండప్ప ఇంట్లోనే పెట్టేవాళ్ళు. దాని అడుగున సూది పట్టేంత బెజ్జం. కాలువ మొదట్లో రాతితొట్టి నిండా నీళ్ళు పోసి, అందులో ఆ గిన్నె తేలేసేవాళ్ళు. బెజ్జంలోంచి నీళ్ళెక్కి ఎక్కి గిన్నె బుడుంగుమని మునిగేది. అప్పుడు నీళ్ళు చూసుకునే సుంకన్న కర్రతో పళ్ళెం మీద టంగుమని కొట్టేవాడు. అంటే ఒక గిన్నె నీళ్ళు అయినట్టు. కొండప్పకి నాలుగు గిన్నెలు, ఇంకొకరికి మూడు, ఇంకొకరికి రెండు, అలా మడి కొద్దీ వంతు. అందరికంటే చివర, కొసమడి ఓబులమ్మది. ఆమెకి రెండు.

పొద్దు పొడిచినప్పుడు కొండప్పతో మొదలుపెడితే పొద్దు గూకేసరికి ఓబులమ్మ దాకా సరిగ్గా సరిపోయేది. పొద్దు గూకగానే కాలువ కట్టేయాలి. రాత్రంతా ఊట ఊరాలి కదా మరి. తెల్లారితే మళ్ళీ కొండప్పతోనే మొదలు. అది ఆ ఊరి కట్టుబాటు.

అలా ఉండగా ఒక ఏడు, వరి పొట్ట మీదున్నప్పుడు, ఓబులమ్మ వంతు రాకముందే పొద్దు గూకిపోయింది. సరే, ఒక్కరోజే కదా అనుకుంది. మర్నాడూ అంతే. మూడోరోజూ అంతే. కాలువ కట్ట మీద పార పట్టుకుని నిలబడి నిలబడి, ఉత్త చేతుల్తో ఇంటికెళ్ళింది. పొట్ట మీదున్న వరికి నీళ్ళు లేకపోతే కంకి తొడగదు తల్లీ. కంకి తొడగకపోతే ఆ ఏడు ఓబులమ్మ ఏం తింటుంది? గడ్డి తింటుందా?

అప్పుడు సుంకన్న దగ్గరికి వెళ్ళింది.

"సుంకన్న మామా, మూడు రోజులైంది. నా మడి నెర్రెలిచ్చింది" అంది.

"గిన్నె మునిగితేనే కదమ్మా నేను నీళ్ళు తిప్పేది. గిన్నెకి నువ్వూ ఒకటే, కొండప్పా ఒకటే" అన్నాడు సుంకన్న. పాపం, వాడు నిజంగానే అలా అనుకున్నాడు.

ఆ తర్వాత కొండప్ప దగ్గరికి వెళ్ళింది. ఆయన అరుగు మీద కూర్చుని వక్క కొరుకుతున్నాడు. ఆ ఏడు మెరకలో కూడా చెరకు వేశాడులే. చెరకంటే ఎన్ని నీళ్ళు తాగుతుందో నీకేం తెలుసు.

"పెద్దాయనా, నాకు నీళ్ళు అందట్లేదు" అంది ఓబులమ్మ.

"ఈ ఏడు పొద్దు తొందరగా గూకుతోందే ఓబులమ్మా. నేనేం చేసేది, పొద్దుని పట్టుకుని ఆపేదా?" అన్నాడు.

చూశావా ఆ మాట! చెబుతుంటే ఇప్పటికీ నాకు ఒళ్ళు మండుతుంది. పొద్దు మీదకి తోసేశాడు పెద్దమనిషి.

ఓబులమ్మ వెనక్కి తిరిగి ఇంటికి నడిచింది. మర్నాడు పొద్దున్నే కొండప్ప వరిమడిలోనే కలుపుకి వెళ్ళింది. వెళ్ళక ఏం చేస్తుంది, పొయ్యి వెలగాలి కదా. కొండప్ప మొదటి గిన్నె టంగుమనగానే ఆడవాళ్ళంతా వరసగా వంగి కలుపు తీస్తూ ఎప్పుడూ పాడే పాట ఎత్తుకున్నారు.

*ఇసకలోన ఊటమ్మా ఎందుకున్నావే,*
*ఎండు మడికి ఎదురొచ్చి ఎప్పుడొస్తావే.*

ఆ పాటకి పన్నెండు చరణాలు. ఓబులమ్మ అత్త బతికున్నప్పుడు ఎప్పుడూ అనేది, గిన్నె తేలేసినప్పుడు పాట ఎత్తుకుంటే పన్నెండో చరణానికి టంగుమంటుందని. ఓబులమ్మ కూడా తన మడిలో అలాగే పాడుకుంటూ కాలం చూసుకునేది. ఒక్క చరణం ఇటూ అటూ అయ్యేది కాదు.

ఆ రోజు పన్నెండో చరణం అయిపోయింది. టంగు లేదు. అందరూ మళ్ళీ మొదటినుంచి ఎత్తుకున్నారు. మూడో చరణం అయింది, నాలుగు అయింది, ఆరు అయింది. అప్పుడు వినబడింది టంగుమని.

ఓబులమ్మ వంగినదల్లా అలాగే ఆగిపోయింది. ఒక్కో గిన్నెకి అరగిన్నె ఎక్కువ. కొండప్ప నాలుగు గిన్నెలకి నాలుగు అరలు. నాలుగు అరలు కలిస్తే ఎంత? రెండు. ఓబులమ్మ వంతు ఎంత? రెండు. అర్థమైందా? పొద్దు ఎక్కడికీ పోలేదు. ఆమె నీళ్ళు చెరకులోకి పోయాయి.

అప్పుడు చేతిలో కలుపు అక్కడే పడేసి, కొంగు దోపుకుని, గట్టెక్కి నడిచింది. "ఎక్కడికే?" అన్నారు ఆడవాళ్ళు. ఆమె కాలువ మొదటి వైపే సాగింది. వాళ్ళూ ఒకరి వెనక ఒకరు గట్టెక్కారు.

కాలువ మొదట్లో సుంకన్న తొట్టి పక్కన కూర్చున్నాడు. కొండప్ప కూడా ఉన్నాడు. రోజూ తన వంతు అయ్యేదాకా అక్కడే కూర్చునేవాడు. నాలుగో గిన్నె మునిగాక తనే చేయి పెట్టి తీసి, భుజం మీది తువ్వాలుతో గిన్నె అడుగు శుభ్రంగా తుడిచి, తర్వాతి వాళ్ళకి ఇచ్చేవాడు. అంత పెద్దమనిషి అందరికోసం గిన్నె తుడిచి ఇస్తున్నాడని ఊరంతా మురిసిపోయేది. మురవరూ మరి!

ఆ రోజు తుడవనివ్వలేదు ఓబులమ్మ. ఇంకా తేలుతున్న గిన్నెని తీసి, నీళ్ళు వంపేసి, ఎండకేసి పైకెత్తింది.

"సుంకన్న మామా, బెజ్జంలోంచి ఎండ కనబడాలి కదా. కనబడుతోందా?"

సుంకన్న కళ్ళు చికిలించి చూశాడు. చీమ కన్నంత మెరుపు తప్ప ఏమీ లేదు. ఓబులమ్మ గోటితో అడుగున గీకింది. తేనెపట్టు మైనం, ఆవగింజంత ముద్ద, ఊడి సుంకన్న అరచేతిలో పడింది. అప్పుడు బెజ్జంలోంచి ఎండ చుక్క దిగి సూటిగా కొండప్ప చొక్కా మీద పడింది.

"చిటికెడు మైనానికి ఇంత రాద్ధాంతమా?" అన్నాడు కొండప్ప.

"చిటికెడు మైనం కాదు పెద్దాయనా, నా ఏడాది తిండి. నీ పది బారల కాలువ కూడా ఈ చేతుల్తోనే తవ్వాను" అంది ఓబులమ్మ. గొంతు పెంచలేదు. పెంచాల్సిన పని లేకపోయింది.

సుంకన్న లేచాడు. కొండప్ప మడిలోకి నీళ్ళు తిరిగే మడవని కట్టేశాడు. మధ్యలో ఒక్క మడవా తెరవకుండా నీళ్ళన్నీ నేరుగా కొసమడికి వదిలాడు. ఎవ్వరూ వద్దనలేదు.

ఆ తర్వాత ఆ ఊళ్ళో మూడు సంగతులు మారాయి. వంతు కొసమడి నుంచి మొదలయ్యేది. గిన్నె కొండప్ప ఇంట్లో కాకుండా తొట్టి పక్కన కొయ్యకి వేలాడేది, తేలేసే ముందు సుంకన్న దాన్ని ఎండకెత్తి అందరికీ చూపించేవాడు. ఇక మూడోది నాకు బాగా ఇష్టం. మరుసటేడు కాలువ తవ్వేటప్పుడు కొండప్ప వంతు పది బారలకి కూలికి ఒక్కరూ రాలేదు. పంచె ఎగ్గట్టి, పార పట్టుకుని తనే తవ్వుకున్నాడు. ఆడవాళ్ళు పక్కనే తవ్వుతూ పన్నెండు చరణాలూ పాడారు.

ఓబులమ్మ వరా? సగం కంకి తొడిగింది. సగం అప్పటికే ఎండిపోయింది. ఆ సగం ఎవరిచ్చారంటావా? ఎవరూ ఇవ్వలేదే తల్లీ. ఓబులమ్మ ఆ ఏడంతా ఒంటిపూటే తింది. అందుకే ఈ కథ చెప్పినప్పుడల్లా నాకు కోపం చల్లారదు. సరే, దుప్పటి కప్పుకో.

గిన్నె మునిగె, మైనం రాలె,
కొసమడికి కాలువ పారె.
కథేమో కంచి దారి పట్టె,
మా తల్లి కళ్ళకి నిద్దర పట్టె.