ఓబులేసు మస్కట్ ప్రయాణం

తమంత తెలివైనవాళ్ళు చుట్టుపక్కల ఏడూళ్ళలో లేరని నందిమిట్ట చెంగల్రాయుడి ఇంటివాళ్ళకి మహా గర్వం. "మాటకి వేరే అర్థాలు వెతికేవాడు తిక్కలోడు. చెప్పింది చెప్పినట్టు చేసేవాడే తెలివైనోడు" అని ఇంటి పెద్ద చెంగల్రాయుడు కనపడినవాళ్ళకల్లా చెప్పేవాడు. "ఔను నాయనా" అనేది తల్లి సుబ్బనరసమ్మ. పాలు చూస్తుండమంటే, పొంగి పొయ్యి ఆరిపోయేదాకా కళ్ళార్పకుండా చూసిన ఇల్లాలు ఆమె.

తమ్ముడు ఓబులేసు పెళ్ళాం నాగవేణి ఒక్కతే ఆ ఇంట్లో కాస్త తక్కువని వాళ్ళ దిగులు. ఆమె నర్సు. పెళ్ళయిన నెలకే మస్కట్‌లో ఉద్యోగానికి వెళ్ళిపోయింది. మొగుణ్ణి అక్కడికి తెచ్చుకోవాలని ఫ్యామిలీ వీసాకి పెడితే తిరగ్గొట్టారు.

నాగవేణి ఫోన్లో ఏడ్చింది. "మళ్ళీ పెడదాం. ఈసారి గానీ కాదన్నారంటే నాకిచ్చిన క్వార్టర్ వేరేవాళ్ళకి ఇచ్చేస్తారు. నీకు దణ్ణం పెడతా, బాషా అన్న చెప్పినట్టు చెయ్యి."

"చెప్పినట్టే చేస్తా. మా ఇంట్లో ఇంకోరకం చేసేది ఎవురికి తెలుసు?" అన్నాడు ఓబులేసు.

బాషా బజారులో వీసా కాగితాలు నింపిపెట్టే మనిషి. తిరగ్గొట్టిన కాగితం చదివి, "పెళ్ళయినట్టు మీరు చూపిన రుజువు బలహీనంగా ఉందంట. ఈసారి బలమైన రుజువు పెట్టాల" అన్నాడు.

అంతే. అన్నదమ్ములు పెళ్ళి సర్టిఫికెట్టు పట్టుకుని వడ్రంగి దగ్గరికి పరిగెత్తారు. టేకు పలక మీద దాన్ని అతికించి, చుట్టూ ఇనుప పట్టీలు వేయించి, మేకులు దిగ్గొట్టించారు. ఒక మేకు సరిగ్గా పెళ్ళికూతురి పేరులో దిగింది. "ఇంక ఏనుగు తొక్కినా చెక్కుచెదరదు" అంటూ చెంగల్రాయుడు ఆ పలకని బాషా బల్ల మీద ధడేల్మని పడేశాడు. బల్ల కాలు విరిగింది.

"చూసినావా బలం!" అన్నాడు ఓబులేసు.

బాషా తల పట్టుకున్నాడు. సర్టిఫికెట్టు నకలు ఇంకోటి తనే తెప్పించాడు. "మీరింక ఏమీ చెయ్యొద్దు. ఓబులేసూ, ఒక ఫొటో దిగిరా చాలు. వెనకంతా తెల్లగా ఉండాల. వెనక తెల్లగా లేదనుకో, మళ్ళీ తిరగ్గొడతారు."

ఇంకేముంది! ఓబులేసు ఇంటికొచ్చి చొక్కా విప్పి, వీపు చూపిస్తూ నిలబడ్డాడు. తల్లి సున్నం కలిపింది. అన్న కుంచె పట్టాడు. మెడ నుంచి నడుం దాకా ఒక పూత, అది ఆరాక ఇంకో పూత.

"మంటరా అన్నా!"

"ఓర్చుకో. పెళ్ళాం దగ్గరికి పోవాలంటే ఊరికే అవుతుందా?"

స్టూడియోవాడు అతన్ని తెల్లగుడ్డ ముందు కూర్చోబెట్టి అందరికీ తీసినట్టే తీశాడు. ఫొటో చూసి చెంగల్రాయుడు ఎగిరిపడ్డాడు. "ఇంత సున్నం పట్టిస్తే వెనక తెలుపేదయ్యా?"

"గుడ్డ తెల్లగానే ఉంది కదన్నా!"

"గుడ్డ సంగతి ఎవురడిగారు? వీపు చూపించు, వీపు!"

గంటసేపు గొడవ. చివరికి స్టూడియోవాడు విసిగి ఫొటోని తిరగేశాడు. "ఇదిగో, వెనకంతా తెల్లగా లేదా?" అన్నదమ్ములు నోళ్ళు తెరిచారు. "అబ్బబ్బ! ఎంత బాగా దిగింది వీపు!" అని సంతోషంగా ఇంటికొచ్చారు. సున్నానికి బొబ్బలెక్కి ఓబులేసు చాన్నాళ్ళు బోర్లా పడుకున్నాడు.

బాషా కాగితాలు పంపాక వీసా ఆఫీసు నుంచి పిలుపొచ్చింది. "ఆమెతో కాపురం చేసినట్టు రుజువులేమన్నా ఉంటే పట్టుకుపోండి" అన్నాడు బాషా. అతని మనసులో ఉన్నది నాలుగు ఫొటోలు. వీళ్ళు పొయ్యి, పెనం, చాప, రోకలి బస్సు మీదికెక్కించారు. ఆఫీసులో గుమాస్తాలు లేచి నిలబడి చూస్తుంటే, అన్నీ ఆఫీసరు ముందు దించారు.

ఆఫీసరు రోకలిని పక్కకి జరిపాడు. తర్వాత ఓబులేసుని అడిగాడు. "నువ్వు ఎవరి మీద ఆధారపడ్డావు?"

"ఈ బల్ల మీద సార్. మీకిబ్బందైతే గోడ మీద ఆధారపడతా."

"నీ భార్యతో చివరిసారి ఎప్పుడు మాట్లాడావు?"

ఓబులేసు మొహం వాడిపోయింది. "చివరిసారి అనొద్దు సార్. ఇంకా మాట్లాడాల్సింది చాలా ఉంది."

సుబ్బనరసమ్మ పెనం ఎత్తి చూపించింది. "మా కోడలు పోసిన మొదటి దోసె నాయనా, మాడిపోయింది. చూడు, మరక ఇంకా పోలేదు."

ఆఫీసరు ఆ మరకని చూశాడు. కారుతున్న ఓబులేసు కళ్ళని చూశాడు. "పోయినసారి మీది దొంగపెళ్ళేమోనని కాదన్నాం. దొంగపెళ్ళి చేసుకోవాలన్నా కాస్త తెలివుండాలి" అని ముద్ర గుద్దేశాడు.

"విన్నావా అమ్మా? మన తెలివి చూసే ఇచ్చినాడు!" అన్నాడు చెంగల్రాయుడు బయటికొచ్చి.

బాషా వీసా చదివి, అలవాటు కొద్దీ ఒక హెచ్చరిక చేశాడు. "దీనికి ఒక్కసారే ప్రవేశం. ఒకసారి లోపలికి పోయి బయటికొచ్చినావా, వీసా అయిపోయినట్టే. జాగ్రత్త!"

అంతే. ఓబులేసు ఆ రోజు నుంచి ఏ గడపా తొక్కలేదు. అన్నం వాకిట్లోనే, పడక వాకిట్లోనే. వాన కురిసింది. "లోపలికి రారా, తడుస్తున్నావు" అంది తల్లి. "రానమ్మా, ప్రవేశం అయిపోద్ది" అని చూరు కింద వణుకుతూ నిలబడ్డాడు.

ప్రయాణం రోజు వచ్చింది. విమానాశ్రయం గుమ్మం మీద పెద్ద పెద్ద అక్షరాలతో 'ప్రవేశం' అని రాసి ఉంది. ఓబులేసు అది చూసి నాలుగడుగులు వెనక్కి వేశాడు.

"లోపలికి పోవయ్యా, టైమవుతోంది" అన్నాడు కాపలావాడు.

"అమ్మో, నేను పోను! ప్రవేశం లేని దోవ ఏదన్నా ఉంటే చూపించు."

"లోపలికి పోకుండా విమానం ఎట్లా ఎక్కుతావు?"

చెంగల్రాయుడు మీసం దువ్వాడు. "ఉన్న ఒక్కటీ మాతో ఇక్కడే వాడించేద్దామనుకుంటివా? మేము నందిమిట్టవాళ్ళం, మా దగ్గరా నీ ఎత్తులు!"

వాదులాట తెగలేదు. అంతలో నెత్తి మీద పెద్ద హోరు. మస్కట్ విమానం లేచి మబ్బుల్లోకి పోయింది. ముగ్గురూ తలలెత్తి చూశారు.

ఫోన్ మోగింది. నాగవేణి. "ఎక్కినావా? ఇల్లంతా సర్దిపెట్టినా. ఎక్కడున్నావు?"

"విమానం పోయింది నాగూ" అన్నాడు ఓబులేసు, ఆనందం పట్టలేక. "పోతే పోనీ. ప్రవేశం మాత్రం ఇంకా నా దగ్గరే ఉంది, భద్రంగా!"