నేరేడుకొమ్మ మీద కాటుక

అనగనగా ఒక అడవి, ఆ అడవి నడుమ ఒక మడుగు. ఎక్కడినుంచో తెల్లకొంగలు వచ్చి ఆ మడుగును పట్టుకున్నాయి. అక్కడే పుట్టి పెరిగిన కాకుల్ని తుమ్మపొదల్లోకి తరిమేశాయి. పైగా ఒక కట్టడి పెట్టాయి.

"నల్లరెక్కల వాళ్లు నీళ్లకు రావాలంటే, మేమిచ్చిన తెల్ల ఈక ముక్కున పట్టుకుని రావాలి!"

ముక్కున ఈక ఉంటే ఇక అరిచేదెలా? కాకులు నోరు మూసుకుని వచ్చేవి, నోరు మూసుకుని పోయేవి.

ఒక ఎండాకాలం, కాటుక అనే తల్లికాకి ఈక గాలికి ఎగిరిపోయింది. గూట్లో దాని పిల్ల మినుము దప్పికతో అల్లాడుతోంది.

"దొరా, బిడ్డకు గుక్కెడు నీళ్లు" అని అడిగింది కాటుక.

"ఈక ఏదే?" అంది కాపలా కొంగ.

"గాలికి పోయింది."

"అయితే ఆ గాలినే అడుగు నీళ్లు!"

కొంగలన్నీ పడీపడీ నవ్వాయి. ఆ పూటకి పొరుగు కాకి తన ముక్కున ఇన్ని నీళ్లు తెచ్చి మినుము నోట్లో పోసింది. కాటుక ఏడవలేదు. తోటి కాకులతో ఒక్క మాటే అంది.

"రేపు నేను ఈక లేకుండా పోతాను. ఎవరొస్తారు?"

"పొడుస్తారే పిచ్చిదానా!" అంది ముసలికాకి.

"పొడవనీ తాతా. ఎంతమందినని పొడుస్తారు?"

మొదటి రోజు కొన్ని కాకులు వెళ్లాయి, పొడిపించుకుని వచ్చాయి. రెండో రోజు ఇంకొన్ని వెళ్లాయి. కాటుకకు ఒక కన్ను పోయింది. అయినా ఆగలేదు. మూడో రోజు కాకులన్నీ కదిలాయి. కోకిల కూడా వచ్చింది.

"నేనూ నల్లదాన్నేగా!"

"ఇన్నాళ్లకు గుర్తొచ్చిందా వదినా!" అన్నాయి కాకులు.

కావుకావుమని ఒకటే గోల. ఆ గోలకి చేపలన్నీ అడుక్కి పోయాయి. ఒంటికాలి మీద నిలబడ్డ కొంగలకు ఒక్క చేపా చిక్కలేదు. ఆకలి వేసేసరికి పెద్దకొంగ దిగొచ్చింది.

"సరే, ఇక ఈకల్లేవు. నీళ్లు అందరివీ."

కాకులు మునకలేసి పండగ చేసుకున్నాయి. మినుము మాత్రం ఒడ్డునే బురదనీళ్లు తాగుతోంది.

"లోపలికి రారా!" అని పిలిచింది కాటుక.

"కొంగలు తిడతాయమ్మా."

"ఇప్పుడెందుకు తిడతాయి?"

"మరి మనం ఇంకా ముళ్లపొదలోనే ఎందుకున్నాం?"

కాటుక తలెత్తి చూసింది. నిజమే. గట్టు మీది చల్లని చెట్లన్నీ ఇంకా కొంగలవే!

"నీళ్లొచ్చాయిగా, చాల్లేవే" అన్నాయి తోటి కాకులు. కాటుక వినలేదు. ఒక పుల్ల కరుచుకుని గట్టు మీది నేరేడుచెట్టుకు ఎగిరింది. తన తాతలు పుట్టిన చెట్టు అది.

"నీళ్లిచ్చాంగా, ఇంకేం కావాలి?" అంది ఆ కొమ్మ మీది శంఖమ్మ కొంగ.

"మీరిచ్చారా? మావి మాకొచ్చాయి. ఈ కొమ్మా అంతే. కాస్త జరుగు వదినా."

శంఖమ్మ ముక్కు తిప్పుకుంది. కానీ జరిగింది. అది చూసి మిగతా కాకులూ పుల్లలు ఏరుకున్నాయి.

వానలొచ్చాయి. మినుము, కొంగపిల్ల ఒకే కొమ్మ మీద ముడుచుకుని కూర్చున్నాయి.

"నీ తోక నీళ్లు నా మీద కారుతున్నాయి!" అంది కొంగపిల్ల.

"ముందు నీ పొడుగు కాళ్లు తియ్యి!" అని గొంతెత్తి అరిచింది మినుము.

"అబ్బ, ఏం గొంతమ్మా!" అంది శంఖమ్మ చెవులు మూసుకుని.

కాటుక ఒంటికన్ను మెరిసింది. "మావాడే!" అంది.

నీతి: అన్యాయపు కట్టడిని తీసేస్తే సరిపోదు. అది లాక్కున్న చోటు తిరిగి దక్కాలి, అది నేర్పిన భయం పిల్లల మనసులోంచి పోవాలి.