తండ్రిరేవులో లేని నాలుగో గోడ

పూర్వం చంద్రనాగ నది సముద్రాన్ని చేరే చోట, వీరకేసరి అనే మండలాధిపతి గంగమ్మతల్లికి ఆలయం కట్టించ సంకల్పించగా, రేవులోని జాలరులు ఇంటికి వంద రాళ్ల చొప్పున ఏటి అడుగునుంచి ఎత్తి తలమీద మోసి తెచ్చారు. చేపకోసం రాయి ఎత్తితే తిరిగి ఉన్నదున్నట్టే బోర్లించి రావాలన్నది వారి తాతల కట్టడి. అమ్మవారి పనికి అడ్డేమిటని ఆ కట్టడిని పక్కన పెట్టారు. మూడు గోడలు లేచేసరికి, వారికి కూడుపెట్టే ఇసుకదొందు చేప ఏట్లో దాదాపు కనబడకుండా పోయింది. తల్లి అలిగింది, నాలుగో గోడ త్వరగా లేపండని ప్రభువు ఆజ్ఞ. సగం పల్లె అప్పటికే తట్టాబుట్టా సర్దుకుంది.

దాలమ్మ అనే జాలరి వితంతువుకు దేన్నైనా 'ఎందుకు' అని అడగనిదే ముద్ద దిగదు. గోడకోసం ఆమె ఒక రాయి ఎత్తితే, కింద ఇసుకరంగు దొందు ఒకటి, నడినెత్తిన కళ్లతో, పారిపోకుండా ఆమెనే చూస్తోంది. రాతి అడుగున గసగసాలు అద్దినట్టు గుడ్లు. ఆమె రాయిని యథాస్థానంలో బోర్లించి, నాలుగు రోజులు గట్టునే కూర్చుని, మిగిలిన కొద్ది రాళ్ల సందుల్లోకి చూస్తూ గమనించింది. ఆడచేపలు గుడ్లు పెట్టి తమ దారిన పోతున్నాయి; మగచేపలు మాత్రం, ముక్కు ముందు రొయ్య కదిలినా నోరు తెరవక, రెక్కలతో గుడ్లకు నీరు విసురుతూ కాపలా ఉంటున్నాయి. తాను మోసిన వంద రాళ్లూ గుర్తొచ్చి దాలమ్మకు ఏడుపు ఆగలేదు.

మర్నాడు రాళ్లు మోసేవాళ్లకు అడ్డం నిలిచి, పని చూడవచ్చిన ప్రభువుతో చెప్పింది. "అమ్మకి గోడ కడతన్నాం అనుకున్నాం దొరా. రాళ్లకింద దొందు తండ్రులు కాత్తన్న పిల్లల కొంపలు పీకతన్నాం."

ఆయన నమ్మక, తానే ఏట్లో దిగి ఆమె చూపిన రాయిని ఎత్తాడు. పొట్టకింద దొప్పలా కలిసిన రెక్కతో దొందు రాతిని కరుచుకుని నీటిపైకి వచ్చింది. ఊపిరాడక మొప్పలు ఎగరేస్తోందే గాని పట్టు వదల్లేదు.  ప్రభువు మెల్లగా రాయిని యథాప్రకారం దించాడు.

"మరి నాలుగో గోడ లేకుంటే అమ్మవారు వానకు తడవదా?" అన్నాడు.

"గంగమ్మ తడిత్తే ఏటవుద్ది దొరా?" అంది దాలమ్మ.

నాలుగో గోడకు పోగుచేసిన రాళ్లన్నీ ఏటికే తిరిగి వెళ్లాయి. మరుసటేటికి చేప వచ్చింది, సర్దుకున్న మూటలు విప్పారు. ఆ స్థలానికి తండ్రిరేవు అన్న నామం ఆనాడే స్థిరపడింది. ఆలయానికి నేటికీ మూడే గోడలు. తొలకరి జల్లుకు అమ్మవారి చీర తడిసిన నాటినుంచి పదిరోజులు, తండ్రిరేవు మగవాళ్లు వల ముట్టరు. పసిబిడ్డలను ఒళ్లో పెట్టుకుని గుమ్మాల్లో కూర్చుంటారు.