చెయ్యెత్తమ్మ గడపలో అడగవలసిన మాట

నల్లమల పడమటి అంచున, బండల నడుమ నుంచి దిగివచ్చే ఎర్రవాగులో శ్రీ చెయ్యెత్తమ్మ తల్లి వెలసి ఉన్నది. ఈ గుడికి గోపురం లేదు, ప్రాకారం లేదు. వాగు మధ్య నిలిచిన నల్లరాయి, దాని చుట్టూ నాపరాళ్ల అరుగు, పైన రేకుల పందిరి, ఒడ్డు నుంచి అక్కడికి చిన్న వంతెన, అంతే. రాతి పైభాగాన ఒక పక్క నుంచి లేచిన కొమ్ము, ఎత్తిన చెయ్యిలాగే ఉంటుంది. కొత్తగా వచ్చిన భక్తులు అది అభయహస్తమనుకొని సంతోషంగా ముందుకు నడుస్తారు. గడప దగ్గర పూజారి కర్ర అడ్డం పెట్టి, "అడిగినారా?" అంటాడు. ఏమడగాలో తెలియక వారు ఒకరి ముఖం ఒకరు చూసుకుంటారు. ఈ చిన్న పుస్తకం వారి కోసమే.

పూర్వం ఇక్కడ గుడి లేదు, పూజ లేదు. వేసవిలో మేతకు అడవి ఎక్కిన గొర్రెల మందలు తొలకరి వేళకు ఈ వాగు దాటుకొని ఊళ్లకు దిగేవి. కాపరులు ఆ రాతిని చూసి, ఎవరో తల్లి చెయ్యెత్తి దీవిస్తున్నదని ఒక దండం పెట్టి సాగిపోయేవారు. దండం పెట్టడం తేలిక గనుక అంతకు మించి ఎవరూ ఆలోచించలేదు.

ఆ మందల్లో ఒకదానికి పెద్ద కరెప్ప. ఎప్పుడు నడవాలో, ఎక్కడ ఆగాలో, ఎవరు కావలి కాయాలో అంతా ఆయన ఇష్టమే. అయినా ఆయన నోరు తెరిచి ఒక ఆజ్ఞ ఇచ్చినట్టు ఎవరూ ఎరుగరు. ఆయన గొంగడే ఆ పని చేసేది. గొంగడి భుజానికెక్కితే మంద నడవాలి. నేల మీదికి దిగితే మజిలీ. మడిచి చంకన పెట్టుకున్నాడంటే ఎవరో తప్పు చేశారని అర్థం. ఆ తప్పు తనదేనేమోనని ఆ పూట ఎవరికీ ముద్ద దిగేది కాదు. ఆ గొంగడిని ఆయన తప్ప మరొకరు ముట్టేవారు కాదు. గొర్రెలకు సైతం అది ఎటు కదిలితే అటు నడవడమే అలవాటు.

కరెప్ప తమ్ముడు పుల్లన్న. అన్న కనుబొమ్మ ముడిపడితే ఎందుకు ముడిపడిందో, దగ్గితే ఎందుకు దగ్గాడో మిగిలినవారికి విడమరచి చెప్పడం అతని పని. చెప్పగా చెప్పగా, అన్న అనుకోనివి కూడా చెప్పడం అలవాటైంది. కాదనే ధైర్యం ఎవరికుంది? కరెప్ప కొడుకు మద్దిలేటికి లేదు. కూలికి వచ్చిన అన్నదమ్ములిద్దరికీ అసలే లేదు.

ఇక సోమక్క. మద్దిలేటి భార్య, ఒళ్లో పాలుతాగే ఆడబిడ్డతో ఆ ఏడే మంద వెంట వచ్చిన కోడలు. మామ ఎదుట నిలబడరాదు, మామతో నేరుగా మాట్లాడరాదు, ఇదీ ఆ ఇంటి కట్టు. మజ్జిగలో ఉప్పు చాలిందా అని తెలుసుకోవాలన్నా ఆమె మద్దిలేటిని అడగాలి, మద్దిలేటి పుల్లన్నను అడగాలి, పుల్లన్న అన్న ముఖం చూసి వచ్చి చెప్పాలి. ఈలోగా మజ్జిగ పులిసిపోయేది.

మృగశిర కార్తెలో ఒకనాటి మధ్యాహ్నం ఆ మంద ఎర్రవాగులోకి దిగింది. వాగు ఎండి ఉంది. ఎగువన కొండల మీద మాత్రం మబ్బు నల్లగా కూర్చొని ఉంది. అవతలి గట్టు ఎక్కవలసిన వేళ, చెయ్యెత్తిన రాతి దగ్గర కరెప్ప ఆగాడు. భుజం మీది గొంగడి తీసి ఇసుక మీద పెట్టాడు. రాతి వెనుక నీడలోకి పోయి చేరగిలబడి కళ్లు మూసుకున్నాడు.

తొలకరిలో వాగు నడుమ మంద దించడం పసిపిల్లవాడైనా చేయడు. కానీ గొంగడి దిగింది. పుల్లన్న, "అన్న దించినాడు. దింపండి" అన్నాడు. గాడిదల మీది మూటలు దించారు. గొర్రెపిల్లలకు వల చుట్టూ కట్టి దొడ్డి వేశారు. ఎవరి ముఖమూ ఎవరూ చూడలేదు.

సోమక్క బిడ్డను మూటల పక్కన పడుకోబెట్టి నీటి కోసం చెలమ తవ్వింది. ఇసుకలో చెలమ నీరు మెల్లగా ఊరాలి, తేటగా ఉండాలి. ఇది తవ్వీ తవ్వకముందే ఉబికి పైకి వచ్చింది. ఎర్రగా ఉంది. అడవి ఆకులు నలిగిన వాసన వేసింది.

"ఏమయ్యా, ఈ నీళ్లు చూడు. పైన యాడో వాన దంచుతాంది. మామకు చెప్పు" అంది భర్తతో.

మద్దిలేటి చూశాడు. "నేనెట్ల చెప్పేది? చిన్నాయనకు చెప్తా" అని లేచాడు.

పుల్లన్న అప్పటికే గుడ్లు మోసుకుంటూ గట్టెక్కుతున్న చీమలను చూస్తూ నిలబడి ఉన్నాడు. "నాకు కండ్లు ల్యావా? నాకు తెలిసింది అన్నకు తెలీదా? ఏదో ఆలోచన చేసుకునే దించింటాడు" అన్నాడు.

"ఒక మాట అడుగు చిన్నాయనా."

పుల్లన్న రాతి దాకా వెళ్లాడు. కరెప్ప రొమ్ము మీద చెయ్యి పెట్టుకొని, కనుబొమ్మలు ముడిచి, కళ్లు మూసుకొని ఉన్నాడు. పుల్లన్న అక్కడే కాసేపు నిలబడి, వెళ్లిన దారినే తిరిగి వచ్చాడు.

"అడిగినావా?"

"అడగాల్సిన పనిల్యా. ముఖం చూస్తే తెలుస్తాండ్లా? కోపంగా ఉన్నాడు. ఈడనే ఉండమంటాన్నాడు."

ఆ విధంగా, మూసిన కళ్లు ఇచ్చిన ఆజ్ఞకు లోబడి అందరూ వాగులోనే కూర్చున్నారు. గొర్రెలు మాత్రం పడుకోలేదు, మేతకు వంగలేదు. చెవులు ఎగువకు తిప్పి నిలబడ్డాయి. సోమక్కకు ఒకపక్క నీటి భయం, ఒకపక్క గొంగడి భయం. నిజం చెప్పాలంటే గొంగడి భయమే పెద్దది. నీరు ఒక్కసారి చంపుతుంది. మందపెద్ద గొంగడి ముట్టిన కోడలిని బతికినన్నాళ్లూ చంపుతారు. ఏమీ తోచక ఆమె బిడ్డను ఎత్తుకోబోయింది. బిడ్డ కింద పరిచిన గుడ్డ తడిసి ఉంది. బిడ్డ తడిపింది కాదు, ఇసుకలోంచి ఊరిన ఎర్రనీరు.

ఇక ఆమె ఆలోచించలేదు. బిడ్డను వీపున కట్టుకుంది. పోయి గొంగడి ఎత్తింది. చెమట వాసన, ఉన్ని వాసన, ఆమె అనుకున్నదానికంటే బరువు. దానిని భుజాన వేసుకొని గట్టు వైపు నడిచింది. వెనక్కి తిరిగి చూడలేదు. మంద మొత్తం ఆమె వెంట కదిలింది. మంద వెంట మగవాళ్లు కదిలారు. వాళ్లు వచ్చింది తన వెంట కాదని, గొంగడి వెంటనేనని ఆమెకు తెలుసు.

గట్టెక్కారో లేదో ఎగువన కొండ విరిగినట్టు చప్పుడైంది. చెట్లను మోసుకుంటూ వాగు వచ్చింది. దొడ్డిలో ఉండిపోయిన గొర్రెపిల్లలు ఒక్కసారి అరిచి, ఆ తరువాత వినబడలేదు.

"మామ యాడ?" అంది సోమక్క.

నిద్ర లేపడానికి భయపడి, ఇంకొకరు లేపి ఉంటారులే అని ప్రతివాడూ అనుకున్నాడు. కరెప్ప వాగు నడుమ ఉన్నాడు. రొమ్ము లోతు నీటిలో ఒక చేత్తో రాతి కొమ్మును కరచుకొని, రెండో చెయ్యి పైకెత్తాడు.

అలవాటుగా అందరూ పుల్లన్న వైపు చూశారు. పుల్లన్న కళ్లనిండా నీళ్లు. "రావద్దంటాన్నాడు. నన్నిడిసిపెట్టి మీరు బతకండి అంటాన్నాడు. అట్లాంటోడు మా అన్న" అని చేతులు జోడించాడు. మద్దిలేటి చేతులు జోడించాడు. కూలి అన్నదమ్ములు కూడా జోడించారు. నిలువునా మునిగిపోతున్న మనిషికి, ఒడ్డున నిలబడి, భక్తితో దండం పెట్టారు.

సోమక్క అంతవరకు మామ ముఖం ఎన్నడూ నిండుగా చూడలేదు. ఇప్పుడు చూసింది. అందులో ఏముందో ఆమెకు తెలియలేదు. తెలియదని ఒప్పుకున్నది ఆ ఒడ్డున ఆమె ఒక్కతే. కొంగు నడుముకు చెక్కి, నీటి అంచు దాకా పోయి, గొంతు చిరిగేట్టు అరిచింది.

"మామా! రమ్మంటావా, వద్దంటావా?"

"రాండ్రా! సచ్చిపోతాండా! తాడు ఎయ్యండి!"

ఆ గొంతు అలా సన్నగా ఉంటుందని ఎవరికీ తెలియదు. గాడిదల తాళ్లన్నీ ముడివేశారు. చాలకపోతే గొంగడిని పురిపెట్టి దానికి కలిపారు. మద్దిలేటి దాన్ని నడుముకు కట్టుకొని దూకాడు. కొమ్ము విడిచిన కరెప్పను పట్టుకున్నాడు. మిగిలినవారు లాగారు.

ఊపిరి తిరిగాక కరెప్ప అడిగిన మొదటి మాట, "మీరు వాగులో ఎందుకు దించినార్రా?"

"నువ్వే గదన్నా గొంగడి పరిచింది!" అన్నాడు పుల్లన్న.

"రొమ్ము నొప్పి లేసి బరువు దించుకున్నా. మీరు మూటలిప్పుతాంటే మీకే అలుపొచ్చిందేమో అనుకున్నా. ఇదేందని అడిగితే, పెద్దోడికి తెలీదా అని నవ్వుతారేమోనని ఊరికే ఉండిపోయినా. అట్లనే కునుకు పట్టింది."

అంటే ఆ మధ్యాహ్నం అక్కడ మంద దించమని ఎవ్వరూ చెప్పలేదు. ఆ మాట విని అందరికీ వాగు వచ్చినప్పటికంటే ఎక్కువగా ఒళ్లు గగుర్పొడిచింది.

తెల్లవారుజామున సోమక్క కలలో ఆ తల్లి కనిపించింది. నల్లని ఒళ్లు, ఒక చెయ్యి పైకెత్తి ఉంది. "వాగులో ఆగవద్దని ఎన్ని తరాలుగానో చెయ్యెత్తి నిలబడినానే. అందరూ దండం పెట్టి పోయినారు. ఎందుకెత్తినావమ్మా అని ఒక్కరూ అడగలేదు. నా దగ్గరికి వచ్చేవాళ్లను అడిగి రమ్మను. పెద్దోళ్లను వెనక నిలబెట్టి, నోరు లేనోళ్లతో అడిగించు" అని చెప్పి మాయమైంది. నీరు తీశాక కరెప్ప తన చేతులతోనే రాతిని కడిగి పసుపు పూశాడు.

కల వచ్చినంత మాత్రాన భయం పోదు. ఆనాటి నుంచి కరెప్ప రోజూ పొద్దుగూకే వేళ గొంగడి పక్కన పెట్టి, కోడలిని పిలిచి, "నాతో చెప్పలేనిది ఏమన్నా ఉందా?" అని అడిగేవాడు. "ఏమీ ల్యా మామా" అని ఆమె తలవంచుకొని పోయేది. ఆయన నమ్మలేదు, అడగడం మానలేదు. చాలాకాలానికి ఒకనాడు సోమక్క ఆగి, "నిన్ను చూస్తే ఇప్పటికీ భయమే మామా" అంది.

కరెప్ప పక్కనున్న గొంగడిని ఇంకాస్త దూరం జరిపాడు. "నాకూ అంతే తల్లీ, మీ అందర్ని చూస్తే" అన్నాడు.

నేటికీ ఈ క్షేత్రంలో ఆ ఆచారమే నడుస్తున్నది. కుటుంబమైనా, మందైనా, భజన బృందమైనా, పంచాయతీ సభ్యులైనా గడప దగ్గర ఆగాలి. పెద్ద అయినవారు భుజం మీది కండువా తీసి చేత పట్టుకొని వెనుక నిలబడాలి. ఆ గుంపులో ఎవరి మాటకు విలువ తక్కువో వారు ముందుకు వచ్చి, "తల్లీ, రమ్మంటావా, వద్దంటావా?" అని గట్టిగా అడగాలి. అమ్మ ఎత్తిన చేతిలో పూజారి పెట్టిన పువ్వు రాలితే లోపలికి పోవచ్చు. రాలకపోతే వేచి ఉండాలి. దర్శనమయ్యాక పెద్దలు వెనుదిరిగి, "నాతో చెప్పలేనిది ఏమన్నా ఉందా?" అని తమవారిని అడగాలి. ఏమీ లేదన్న జవాబును ఇక్కడ జవాబుగా తీసుకోరు, తీర్థం ఇవ్వరు. జవాబు కోసం నిలబడిన పెద్దలు చేతిలోని కండువాను మడవడం, విప్పడం భక్తులు తరచుగా చూస్తూనే ఉంటారు.

ఇలా అడిగి, చెప్పించుకొని, విని వెళ్లినవారి మందకు వరద భయముండదనీ, వారి ఇంట మాట గొంతులో చచ్చిపోదనీ పెద్దల నమ్మకం. తల్లి దర్శనం అన్ని రోజులూ ఉంటుంది. ఒంటరిగా వచ్చే పెద్దలకు మాత్రం ఒక మనవి. మీ తరఫున అడిగేవారు ఎవరైనా వచ్చేదాకా గడప బయటే కూర్చోవలెను.